బస్సు మాట్లాడుకుని ఒక్కరోజు వైనరీ ట్రిప్: ఎన్ని చోట్లు చూడొచ్చు, ఏం అడగాలి?

పందిరి
అందరికీ నమస్తే. కలిసినప్పుడల్లా నోటిమాటగా అనుకుంటున్న వైనరీ ట్రిప్ ఈసారి నిజంగానే కదిలేలా ఉంది. ఇప్పటికి 36 మంది పేర్లిచ్చారు. ఎవరి కార్లలో వాళ్లు వస్తే తిరుగు ప్రయాణంలో బండి ఎవరు నడపాలన్న పేచీ వస్తుంది. నడిపేవాళ్లు పాపం రోజంతా నోరు కట్టుకుని కూర్చోవాలి. అందుకే ఒక బస్సు మాట్లాడేద్దామనుకుంటున్నాను. పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా తిరిగొచ్చేయాలి. ఒకవైపు ప్రయాణం సుమారు గంటన్నర.

నాలుగు వైనరీలు, మధ్యలో ఎక్కడో ఒకచోట భోజనం. ప్రస్తుతానికి నా బుర్రలో ఉన్నది ఇంతే. బస్సువాళ్లను ఏం అడగాలి, వైనరీ వాళ్లను ఏం అడగాలి, ముందు ఏది ఖాయం చేసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

చివరిసీటు
అక్కా, నాలుగేంటి, ఐదు పెట్టు. బస్సుకు ఎలాగూ రోజంతటికీ డబ్బు కడతాం కదా, వాడేసుకుందాం.

సెల్లార్‌పిల్లి
ఐదూ కాదు, నాలుగూ కాదు. 36 మందితో అయితే రెండు. మూడో చోటు ఆశ పడొచ్చు గానీ నెరవేరదు.

నేను కొన్నాళ్లు వైనరీలో టేస్టింగ్ కౌంటర్ దగ్గర, అంటే వచ్చినవాళ్లకు వైన్ రుచి చూపించే చోట, పనిచేశాను, కాబట్టి అటువైపు నుంచి చూసింది చెప్తాను. ఒక మనిషి నిలబడి పోస్తూ, ఇది ఏ ద్రాక్ష, ఎలా చేశారు అని చెప్పాలంటే ముందు పన్నెండు మంది, మహా అయితే పదిహేను మంది ఉండాలి. అది దాటితే వెనక వరసలో వాళ్లకు మాట వినపడదు, గ్లాసు ఆలస్యంగా అందుతుంది. వాళ్లు మొదటి వైన్ వాసన చూసేలోపు ముందు వరస రెండోదానికి గ్లాసు చాచేస్తుంది. అక్కడితో టేస్టింగ్ పోయి పెళ్లి భోజనాల దగ్గర తోపులాటలా తయారవుతుంది. బస్సు ఆగగానే 36 మంది ఒక్కసారి లోపలికి వస్తే కౌంటర్‌లో వాళ్ల మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు, ఆ మొహాల్లో నాదీ ఒకటి ఉండేది.

అందుకని పెద్ద గుంపును మూడు జట్లుగా విడగొడతారు. ఒక జట్టు టేస్టింగ్‌లో, ఒకటి సెల్లార్‌లో (వైన్ పీపాలు ఉంచే చల్లటి గది), ఒకటి తోటలో. ఒక్కో దానికి 35 నిమిషాలు అనుకోండి, మూడూ తిరిగి వచ్చేసరికి 105 నిమిషాలు. అటూ ఇటూ మారడానికి ఇంకో పావుగంట. అంటే ఒక్క వైనరీకే రెండు గంటలు. బస్సు ఎక్కడం దిగడం దీనికి అదనం. మనుషులు పెరిగే కొద్దీ చూసే చోట్లు తగ్గుతాయి, ప్లాన్ వేసేటప్పుడు చాలామందికి ఇది తట్టదు. తలకు పడే ఖర్చు తగ్గుతుందని పెద్ద బస్సు తీసుకుంటారు, ఆ తగ్గింపు రోజులోంచి కోసుకుపోతుంది.

లెక్కలమాస్టారు
పై పోస్టుతో ఏకీభవిస్తున్నాను. ఎక్కడానికీ దిగడానికీ ఒక్కోసారి పది నిమిషాలు వేయండి. నాలుగు చోట్లకు వెళ్తే ఎక్కడం నాలుగుసార్లు, దిగడం నాలుగుసార్లు. అందులోనే గంటకు పైగా పోతుంది. ఆ గంటలో ఎవరూ ఏమీ చూడరు, ఏమీ తాగరు.

స్టీరింగ్
బస్సు సంగతి నేను చెప్తాను, నా బతుకు అందులోనే.

ముందు వైనరీకి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడగండి: “12 మీటర్ల బస్సు లోపలికి వస్తుందా, తిరగడానికి చోటుందా?” కార్లలో వచ్చేవాళ్లు చూసి మెచ్చుకునే సన్నటి తోట దారి మాకు నరకం. 12 మీటర్ల బస్సు వెనక్కి తీయకుండా తిరగాలంటే దాదాపు 25 మీటర్ల అడ్డం ఉన్న ఖాళీ జాగా కావాలి. పైన కొమ్మలు, కరెంటు తీగలు అడ్డం రాకూడదు. మధ్యలో చిన్న వంతెన ఉంటే ఎంత బరువు వరకు పోనిస్తారో చూడాలి, నిండిన బస్సు 18 టన్నుల దాకా తూగుతుంది. “వస్తుందిలెండి, రోజూ బళ్లు వస్తుంటాయి” అనే మాట నమ్మకండి. వాళ్ల దృష్టిలో బండి అంటే వ్యాను. ఆ దారిలో ఇంతకుముందు పెద్ద బస్సు వచ్చిందా అని సూటిగా అడగండి. రాదంటే రోడ్డు మీద దిగి ఎంత దూరం నడవాలో అడగండి.

రెండోది, గంటల లెక్క. మీకు రోజు మీ వీధి మలుపు దగ్గర ఎనిమిదింటికి మొదలవుతుంది. డ్రైవర్‌కు గ్యారేజీలో ఏడింటికే మొదలవుతుంది, మిమ్మల్ని దింపాక బండి కడిగి పెట్టేదాకా ఉంటుంది. కిరాయి కూడా చాలాచోట్ల గ్యారేజీ నుంచి గ్యారేజీ వరకే లెక్క కడతారు. మీరు ఎక్కకముందు, దిగిన తర్వాత ఖాళీగా తిరిగే కిలోమీటర్లు కూడా మీ ఖాతాలోనే పడతాయి. ఇది ముందే అడిగి రాయించుకోండి. ఎదురుచూసే గంటలకు, మాట్లాడుకున్న టైం దాటితే ప్రతి గంటకు, పార్కింగ్‌కు, టోల్‌కు ఎంతో విడివిడిగా కాగితం మీద ఉండాలి.

డ్రైవింగ్ గంటల నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. మీది రానూపోనూ, మధ్యలో తిరిగేదీ కలిపి మూడున్నర గంటలే కాబట్టి నడపడం సమస్య కాదు, మొత్తం డ్యూటీ ఎంత సాగుతుందన్నదే సమస్య. సాయంత్రం ఒక గంట జరుపుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి. అప్పటికే పన్నెండు గంటలుగా మేలుకుని ఉన్న మనిషి చేతిలో మీ అందరి ప్రాణాలుంటాయి.

ఇంకోటి, డ్రైవర్ భోజనం. 36 మందికి బల్లలు వేయించి బస్సులో కూర్చున్నవాణ్ని మరిచిపోయే గుంపులు ఎన్నో. భోజనం 37 మందికి అని చెప్పండి. అతనికి మాత్రం “ఒక్క గుక్క రుచి చూడు అన్నా” అని ఎవరూ గ్లాసు ఇవ్వకండి, సరదాకైనా సరే.

చివరిసీటు
సరే, రెండు చోట్లే అయితే మధ్యలో బస్సులోనే మన సీసాలు తెరుద్దాం. అప్పుడు రోజు వృథా కాదు.

స్టీరింగ్
తమ్ముడూ, బస్సులో తాగనిచ్చేదీ లేనిదీ ఆ ప్రాంతపు చట్టం బట్టి, ఆ ఆపరేటర్‌కు ఉన్న అనుమతి బట్టి ఉంటుంది. కుదురుతుందనుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి. లేదంటే డ్రైవర్ బండి ఆపి “దిగండి” అంటే ఎవరూ ఏమీ అనలేరు. చట్టం ఒప్పుకున్నా నేనైతే వద్దంటాను. గతుకుల్లో గాజు గ్లాసు, సీటు మీద ఎర్ర వైన్, నడవలో నిలబడి డాన్సు. ఆ మరక శుభ్రం చేసిన ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోతుంది. వాంతికి విడిగా వసూలు చేసేవాళ్లూ ఉన్నారు.

లెక్కలమాస్టారు
ఇప్పుడు డబ్బు. ఇక్కడ రెండు రకాల ఖర్చులున్నాయి, వాటిని కలిపేస్తే చివర్లో స్నేహాలు చెడతాయి.

బస్సు కిరాయి మనుషుల్ని బట్టి మారదు. 36 మంది వచ్చినా 29 మంది వచ్చినా అంతే కట్టాలి. టేస్టింగ్ రుసుము, భోజనం తలకు ఇంత. కాబట్టి ఏడుగురు చివరి నిమిషంలో మానేస్తే మిగిలినవాళ్లకు బస్సు వాటా 24 శాతం పెరుగుతుంది. దాన్ని ఎవరు భరిస్తారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి, ఆ రోజు పొద్దున కాదు.

నేను చెప్పే పద్ధతి ఇది. బస్సు వాటాను 36తో కాకుండా 30తో భాగించి అడగండి. అందరూ వస్తే మిగిలింది తిరిగి ఇచ్చేయొచ్చు, లేదా డ్రైవర్ టిప్పుకు, మంచినీళ్లకు వాడొచ్చు. తిరిగి ఇస్తే ఎవరూ కోప్పడరు, మళ్లీ అడిగితే అందరూ కోప్పడతారు. డబ్బు చేతికందాకే పేరు ఖాయం. “నేను వస్తున్నా, పెట్టుకో” అన్న మెసేజ్‌కు సీటు లేదు. మానేసేవాళ్లు తమ బదులు ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు, అప్పుడు ఆ లెక్క వాళ్లిద్దరి మధ్యే. బదులు దొరక్కపోతే బస్సు వాటా వెనక్కి రాదు. తలసరి ఖర్చు మాత్రం వైనరీకి చివరి సంఖ్య చెప్పే గడువులోపు మానుకుంటే వెనక్కి ఇవ్వండి. ఆ గడువు ఎప్పుడో వైనరీని అడిగి అందరికీ చెప్పేయండి.

అడ్వాన్స్ కట్టేముందు బస్సువాళ్లు రద్దు చేస్తే ఏమిటన్నది కూడా రాయించుకోవాలి. మనం రద్దు చేస్తే ఎంత పోతుందో పేజీన్నర రాస్తారు, వాళ్లు చేస్తే అన్నదానికి ఒక్క లైనూ ఉండదు.

స్టీరింగ్
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బండి చెడిపోతే బదులు బండి ఎంతసేపట్లో పంపుతారు, అది కూడా అన్నే సీట్లదా, ఏసీ ఉన్నదా అన్నదీ రాయించండి. ఫొటోలో చూపించిన బస్సు ఒకటి, గుమ్మం ముందుకొచ్చేది ఒకటి కావడం మా లైన్‌లో కొత్తేం కాదు.

సోడామాత్రమే
నేను అసలు తాగను. మా ఆయన కోసం, మీ అందరితో ఒక రోజు గడపడం కోసం వస్తున్నాను. నా ప్రశ్న: టేస్టింగ్ డబ్బు నేనెందుకు కట్టాలి? ఇంకో ప్రశ్న: అందరూ కౌంటర్ దగ్గర ఉన్న రెండు గంటలూ నేనేం చేయాలి?

లెక్కలమాస్టారు
కట్టక్కర్లేదమ్మా. బస్సు, భోజనం వాటా మాత్రమే. పేర్లు రాసుకునేటప్పుడే రెండు రకాలుగా రాసుకోమని పందిరి గారికి నా మనవి.

సెల్లార్‌పిల్లి
సోడామాత్రమే గారూ, చాలా వైనరీలు పులియని ద్రాక్షరసం ఇస్తాయి. వైన్‌కు వాడే ద్రాక్షతోనే తీసింది దొరికితే తప్పక తాగి చూడండి. తినే ద్రాక్ష కంటే వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, గింజలెక్కువ, తీపి కూడా ఎక్కువ. ముందే చెప్పి ఉంచితే మీ గ్లాసు కూడా వరసలో వస్తుంది. తాగకపోయినా వాసన చూడండి. టేస్టింగ్‌లో సగానికి పైగా పని ముక్కుదే, గ్లాసులో ముక్కు పెట్టడానికి ఎవరూ డబ్బు అడగరు. నిజం చెప్పాలంటే తోటలో నడక, సెల్లార్ చూడటం మీకే బాగా గుర్తుంటాయి.

కొత్తచిగురు
నాకు వైన్ గురించి ఏమీ తెలీదు. అక్కడ ఉమ్మేస్తారని విన్నాను. నిజమేనా? నలుగురిలో ఉమ్మితే అసహ్యంగా ఉండదా? ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

సెల్లార్‌పిల్లి
ఉమ్మడం మర్యాదే, అందుకే కౌంటర్ మీద దానికని పాత్ర పెడతారు. రోజూ పది వైన్లు చూసే పని ఉన్నవాళ్లెవరూ మింగరు. మొహమాటంగా ఉంటే మిగిలింది ఆ పాత్రలో ఒంపేయండి, అదీ మామూలే. పోసిందంతా తాగకపోతే పోసినవాళ్లకు కోపం వస్తుందేమో అనుకుంటారు. రాదు.

లెక్క చూద్దాం. టేస్టింగ్‌లో ఒక్కోసారి పోసేది సుమారు 30 మిల్లీలీటర్లు. ఐదు రకాలు మింగితే 150, అంటే మామూలుగా ఒక గ్లాసు వైన్. 13 శాతం వైన్ అయితే అందులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన శరీరం గంటకు అటూ ఇటూగా 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. రెండు వైనరీలు, మధ్యలో భోజనం అయితే సరిపోతుంది. చివరిసీటు తమ్ముడు అడిగిన ఐదు చోట్లూ తిరిగితే 750 మిల్లీలీటర్లు, మనిషికో సీసా పూర్తిగా. మూడో చోటు దాటాక ఎవరికీ ఏ రుచీ తెలీదు, అన్నీ “బాగుంది” లాగే ఉంటాయి. ఖాళీ కడుపుతో మాత్రం ఎవరూ బస్సెక్కొద్దు.

బట్టలు: లేత రంగువి వద్దు. తోటలో మట్టి ఉంటుంది కాబట్టి పాదం మూసే బూట్లు, హీల్స్ వద్దు. సెల్లార్‌లో 12 నుంచి 15 డిగ్రీలుంటుంది, బయట ఎండ మండుతున్నా శాలువానో పల్చటి స్వెట్టరో పెట్టుకోండి. సెంటు మాత్రం దయచేసి కొట్టుకోవద్దు. ఒకరు కొట్టుకున్నా పక్కన నలుగురికి వైన్ వాసన తెలియదు.

నిదానం
పిల్లలూ, నాకూ మా ఇంటావిడకూ రావాలని ఉంది. నాకు మోకాళ్లు సహకరించవు. సెల్లార్ అంటే మెట్లే కదా. బస్సులో టాయిలెట్ ఉంటుందా? ఈ వయసులో అదే మొదటి ప్రశ్న.

స్టీరింగ్
పెద్దాయనా, చాలా బస్సుల్లో ఉండదు, ఉన్నవాటిలో కూడా వాడొద్దని తాళం వేసేవాళ్లున్నారు. అడిగి తెలుసుకోవాలి. లేకపోతే గంటన్నర ప్రయాణంలో మధ్యలో ఒక ఆగే చోటు ముందే పెట్టుకుంటాం. తిరుగు ప్రయాణంలో అది మీకోసమే కాదు, అందరికీ కావాలి, వైన్ తాగాక అందరి వయసూ ఒకటే. ముందు రెండు సీట్లు మీ ఇద్దరికీ, మెట్ల పక్కనే.

సెల్లార్‌పిల్లి
బాబాయ్, అన్ని సెల్లార్లూ నేల కింద ఉండవు. ఇప్పటి వైనరీల్లో చాలావాటికి పీపాల గది నేల మీదే, ఏసీతో చల్లగా ఉంచుతారు. రెండు వైనరీల్లో కనీసం ఒకటి మెట్లు లేనిది చూసుకుంటే సరి. ఆ గదిలోకి వెళ్లగానే ఓక్ చెక్క వాసన, దాని వెనకే కాస్త పుల్లటి వాసన తగులుతుంది. వరసల్లో పేర్చిన ఒక్కో పీపాకు ఒక కంత, దానికి బిగించిన మూత ఉంటాయి. పిప్పెట్ లాంటి పొడవాటి గాజు గొట్టంతో ఆ కంతలోంచి వైన్ తీసి, గ్లాసులోకి వదిలి చూపిస్తారు. అది ఇంకా పూర్తికాని వైన్, నాలుకను పట్టేసినట్టుంటుంది. మామూలుగా ఎక్కువ కనపడే పీపా 225 లీటర్లది, ఒక్కోదాంట్లోంచి 300 సీసాలు వస్తాయి. గది చుట్టూ చూసి గుణించుకోండి, కాలక్షేపం.

పందిరి
అందరికీ థాంక్స్. నాలుగు అన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఇంకో ఆలోచన వచ్చింది, ఒక పెద్ద బస్సు బదులు రెండు మినీ బస్సులు తీసుకుంటే? ఒకటి మొదటి వైనరీకి, ఒకటి రెండో వైనరీకి. మధ్యాహ్నం భోజనానికి అందరం ఒకచోట కలుస్తాం, తర్వాత తారుమారు. ఒక్కో చోట 18 మందే కాబట్టి మూడు చోట్లు కూడా చూడొచ్చు కదా?

సెల్లార్‌పిల్లి
వైనరీ వైపు నుంచి చూస్తే ఇది చక్కటి ఆలోచన. 18 మందిని రెండు జట్లుగా చేస్తే గంటా పావులో పని అయిపోతుంది. పెద్ద బస్సును రానివ్వని చిన్న వైనరీలూ ఒప్పుకుంటాయి. చిన్న చోట్ల చాలాసార్లు ఆ వైన్ చేసిన మనిషే స్వయంగా పోస్తాడు, ఆ మాటల విలువ వేరు.

స్టీరింగ్
ఖర్చు వైపు నుంచి చూస్తే రెండు కిరాయిలు, ఇద్దరు డ్రైవర్లు, రెండు చోట్ల ఆలస్యమయ్యే అవకాశం. ఒక బండి అరగంట లేటయితే భోజనం దగ్గర ఇంకో బండి వాళ్లు ఆకలితో ఎదురుచూడాలి. రెండు బళ్లకూ బాధ్యత తీసుకునే మనిషి ఒక్కొక్కరు కావాలి. పందిరి గారు ఒక్కరే కదా.

చివరిసీటు
సగం మంది వేరే బస్సులో ఉంటే ఇంక కలిసి వెళ్లినట్టేముంది? నేను ఒప్పుకోను. రెండు చోట్లయినా పర్లేదు, అందరం ఒకే బస్సు.

లెక్కలమాస్టారు
చివరిసీటు నోట ఇంత పొదుపు మాట వినడం ఇదే మొదలు. ఒకే బస్సుకు నా ఓటు కూడా.

సోడామాత్రమే
ఒకే బస్సు.

నిదానం
నేను మాత్రం మినీ బస్సులకే. మెట్లు తక్కువ ఎత్తు. కానీ ఎక్కువమంది ఎటంటే అటే.

కొత్తచిగురు
ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? కోతల సమయంలోనే వెళ్లాలని ఎక్కడో చదివాను.

సెల్లార్‌పిల్లి
కోతలు ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. చూడటానికి అంతకు మించింది లేదు. గంపలు వచ్చి పడుతుంటాయి, ఏరే బల్ల మీద ఆకులూ కుళ్లిన కాయలూ చేతులతో తీసేస్తుంటారు, చుట్టూ కందిరీగలు. తొట్టెలో ఎర్ర ద్రాక్ష తోలంతా పైకి తేలి గట్టి పొరలా కట్టుకుంటుంది, దాన్ని రోజుకు కొన్నిసార్లు కిందికి తొక్కుతారు. ఎర్ర వైన్‌కు రంగు వచ్చేది ఆ తోలు నుంచే. చాలా ఎర్ర ద్రాక్షల రసం తెల్లగానే ఉంటుంది, తోలు వెంటనే తీసేస్తే దాంతో తెల్ల వైనే చేయొచ్చు.

కానీ 36 మంది గుంపుకు నేను ఆ సమయం వద్దంటాను. వైనరీలో అప్పుడు ఎవరికీ నిద్ర ఉండదు, మీతో రెండు గంటలు మాట్లాడే మనిషి దొరకడు. దారి నిండా ట్రాక్టర్లు. పైగా పులియబెట్టే గదుల్లోకి గుంపుల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఒక లీటరు రసం పులిస్తే 40 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలి కంటే బరువు, పల్లపు చోట్ల పేరుకుంటుంది, కంటికి కనపడదు. ఏటా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట అందులో మనుషులు పోతూనే ఉంటారు. కాబట్టి గైడ్ లేకుండా ఎవరూ ఏ తలుపూ తీయొద్దు, ఫొటో కోసమైనా సరే.

కోతలకు నెలా రెండు నెలల ముందు వెళ్లండి. గుత్తులు రంగు తిరుగుతుంటాయి, ఒకే గుత్తిలో పచ్చకాయ, ఊదాకాయ పక్కపక్కనే ఉంటాయి. వైనరీ వాళ్లకూ తీరిక. వీలైతే వారం మధ్యలో పెట్టుకోండి, శని ఆదివారాలు ఇంకో మూడు బస్సులు మీ పక్కనే ఆగి ఉంటాయి.

కొత్తచిగురు
ఇంకో చిన్న సందేహం. ఒక వైనరీ ఫొటోల్లో లోపలికి వెళ్లేవాళ్లు బూట్లు ఏదో ద్రావణంలో ముంచుతున్నారు. ఎందుకు?

సెల్లార్‌పిల్లి
ఫిలాక్సెరా. ద్రాక్ష వేళ్లను పీల్చే, కంటికి సరిగా ఆనని చిన్న పురుగు. 1860ల్లో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో ఫ్రాన్స్‌లో దిగి, కొన్ని దశాబ్దాల్లో యూరప్ తోటల్లో చాలావాటిని తుడిచిపెట్టేసింది. మందు దొరకలేదు. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద యూరప్ ద్రాక్ష తీగలను అంటుకట్టి బతికించారు, ఇప్పటికీ చాలాచోట్ల అదే పద్ధతి. ఆస్ట్రేలియాలోని సౌత్ ఆస్ట్రేలియా లాంటి చోట్లకు ఇప్పటికీ ఆ పురుగు చేరలేదు, అక్కడి పాత తీగలు సొంత వేళ్ల మీదే ఉన్నాయి. అది ఒక తోట నుంచి ఇంకో తోటకు చేరే దారుల్లో మన బూట్లకంటిన మట్టి ఒకటి. బస్సు టైర్లు ఇంకోటి. ఒకే రోజు రెండు తోటలు తొక్కుతున్నాం కాబట్టి అడిగితే విసుక్కోకుండా ముంచండి. వరసల చివర గులాబీ మొక్కలు కనిపిస్తే అవి అందానికే అనుకోకండి. బూజు తెగులు ముందు వాటికి సోకుతుందని పాతకాలంలో కాపలాగా నాటేవారు.

మోడరేటర్
సమాచారం బాగుంది. పురుగుల కథ ఇంకా ముందుకు పోవాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ ట్రిప్ గురించే రాయండి.

స్టీరింగ్
సీసాలు కొంటారు కదా, వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. పన్నెండు సీసాల పెట్టె 15 కిలోలకు తగ్గదు. మనిషికి ఆరు కొన్నా 216 సీసాలు, 280 కిలోల దాకా అవుతుంది. డిక్కీలో చోటుంది గానీ రెండు సంగతులు. ఇంజిన్ పక్క అర వేడెక్కుతుంది, అందులో పెట్టకండి. ఎండలో నిలబెట్టిన బస్సు డిక్కీ సాయంత్రానికి నిప్పుల కొలిమి. మొదటి వైనరీలో పొద్దున కొన్నవి సాయంత్రం దాకా అందులో ఉడుకుతాయి.

సెల్లార్‌పిల్లి
30 డిగ్రీలు దాటితే వైన్ పాడవడం మొదలవుతుంది. లోపల ద్రవం వ్యాకోచించి కార్కును పైకి తోస్తుంది, రుచి ఉడికిన పండులా అయిపోతుంది. బుడగల వైన్ అయితే సీసాలో ఒత్తిడే మామూలు గాలి ఒత్తిడికి ఐదారు రెట్లుంటుంది, దాన్ని ఎండలో పెట్టి ఊపకండి. థర్మాకోల్ పెట్టెలు పట్టుకెళ్లండి, లేదా ఎక్కువ కొనే పని రెండో వైనరీకి వాయిదా వేయండి. మొదటి చోట నచ్చినవి ఉంటే ఇంటికి పంపుతారా అని అడగండి. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి ఎన్ని సీసాలు తీసుకెళ్లనిస్తారో కూడా చూసుకోవాలి.

కొనేటప్పుడు 36 మంది ఒకే కౌంటర్‌లో బిల్లు కట్టడానికి నిలబడితే అరగంట గాలికి. అందుకు ఒక చిట్కా ఉంది. టేస్టింగ్‌కు కూర్చున్నప్పుడే ఒక కాగితం తిప్పండి, ఎవరికి ఏది ఎన్నో పేరుతో రాసుకుంటారు. ఆ జట్టు తోటలో తిరిగి వచ్చేసరికి పెట్టెలు కట్టి, పేర్లు అతికించి తలుపు దగ్గర పెట్టేస్తారు. కొననివాళ్ల మీద ఒత్తిడీ ఉండదు.

వైన్ వరస కూడా చెప్తాను: బుడగలవి ముందు, తర్వాత తెల్లవి, రోజే (లేత గులాబీ రంగు వైన్), ఎర్రవి, తీపివి ఆఖరున. తెల్ల వైన్లకు పేరున్న చోటు పొద్దున పెట్టుకుని, ఎర్రవి బాగా చేసే చోటు భోజనం తర్వాతకు ఉంచండి. పొద్దున పదింటికే టేస్టింగా అని నవ్వకండి, నాలుక శుభ్రంగా ఉండేది అప్పుడే.

లెక్కలమాస్టారు
తలలు లెక్కపెట్టే పని నాకివ్వండి. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, మధ్యలో ఎవడో ఒకడు లేచి అటు పోతాడు. ప్రతి ఒక్కరికీ ఒక జత. బస్సు కదిలేముందు “మీ జత పక్కన లేనివాళ్లు చెయ్యెత్తండి” అంటే చాలు. భార్యాభర్తల్ని జతగా పెట్టకండి, ఇద్దరూ కలిసే తప్పిపోతారు.

పందిరి
సరే, అన్నీ కలిపి ఇలా అనుకున్నాను. ఒకే బస్సు, రెండు వైనరీలు, వారం మధ్యలో, కోతలకు నెలన్నర ముందు.

7:45కు అందరూ చేరాలి, 8కి బస్సు కదులుతుంది. 9:30కు మొదటి వైనరీ, మూడు జట్లుగా 11:45 వరకు. 12కి అక్కడి నుంచి బయల్దేరి 12:30కు రెండోది, వెళ్లగానే భోజనం. 1:45 నుంచి 3:45 వరకు మళ్లీ మూడు జట్లు. అరగంట కొనుగోళ్లకు, టాయిలెట్లకు. 4:30కు ఎక్కేయాలి, మధ్యలో ఒకచోట ఆగినా 6:15కల్లా ఇంటి దగ్గర. డ్రైవర్ డ్యూటీ పన్నెండు గంటల్లోపు ముగుస్తుంది. ఆలస్యమైన వాళ్ల కోసం పది నిమిషాలు ఆగుతాం, అది దాటితే వాళ్లు సొంత ఖర్చుతో టాక్సీలో రావాలి. ఇది నాతో సహా అందరికీ.

రెండు వైనరీలకూ ఫోన్ చేశాను. ఒకచోట పెద్ద బస్సు లోపలికి వస్తుంది, తిరగడానికి చోటుంది. రెండోచోట గేటు దగ్గరే ఆపి ఐదు నిమిషాలు నడవాలి. పెద్దవాళ్ల కోసం వాళ్లే చిన్న బండి పంపుతారట. వయసు రుజువుకు గుర్తింపు కార్డు అందరూ తేవాలని రెండుచోట్లా చెప్పారు, నెత్తి నెరిసినవాళ్లు కూడా.

చివరిసీటు
అక్కా, బస్సులో పాటలైనా ఉంటాయా, వాటికీ అనుమతి పత్రం కావాలా?

స్టీరింగ్
పాటలకు అక్కర్లేదు తమ్ముడూ. మైకు మాత్రం నీకు ఇవ్వరు.

నిదానం
మేమిద్దరం ఖాయం. మా ఆవిడకు టేస్టింగ్ వద్దు, బస్సు, భోజనం వాటా రాయండి. నాకు మాత్రం అన్నీ.

పందిరి
రాసుకున్నాను బాబాయ్. మిగతావాళ్లు కూడా టేస్టింగ్ ఉందో లేదో చెప్పి డబ్బు పంపండి. బస్సుకు అడ్వాన్స్ కట్టేది 30 మంది డబ్బు చేరాకే, ఇప్పటికి పందొమ్మిది వచ్చాయి.